చూరు కింద గట్టిగా మాట్లాడొద్దు

సుంబెర్‌వాలి, లావూ కొండ కింద
1984, మే

సుమార్సిహ్ వదినగారికి, మీ తమ్ముడి భార్య ముర్తినీ సలాములు.

మీకు ఉత్తరం రాయాలంటే నాకు ఎప్పుడూ భయమే. అందుకే మీరు లాంపుంగ్ వెళ్ళి ఇంతకాలమైనా ఆ పని మీ తమ్ముడికే వదిలేశాను. ఇప్పుడు భయపడుతూ కూచుంటే కుదరదు. మన పెరట్లోకి తేనెటీగలు వచ్చాయి.

పోయిన వారం మీ తమ్ముడు దర్సోనో కేబేజీ బండితో సంతకి వెళ్ళినప్పుడు వచ్చి పనసకొమ్మ మీద వాలాయి. గుమ్మడికాయంత ముద్ద. పక్కింటి సాటినెమ్ పిన్ని గోడ మీంచి చూసి, "ఒసేయ్, మీ మామగారి ఈగలే తిరిగొచ్చాయే! పట్టు, పట్టు!" అని ఒకటే కేకలు. ఏం పట్టను చెప్పండి? నేను సోలో పట్నంలో బస్టాండు పక్కన పుట్టి పెరిగినదాన్ని. నాకు తెలిసిన తేనె సీసాలో ఉండే తేనే. పిన్ని చెప్పినట్టే చీపురుతో నీళ్ళు చిలకరించాను. గొడ్లపాకలోంచి మామగారు ఈగల్ని పెంచిన పాత బోలు దుంగ బయటికి లాగాను. అందులో కోడి గుడ్లు పెట్టుకుని ఉంది, దాన్ని అదిలించి, కడిగి, కొమ్మ కిందికి తెచ్చి చేటతో ముద్దని అందులోకి దులిపాను. సగం దుంగలో పడ్డాయి, సగం నా మొహాన. సాయంత్రానికి అన్నీ లోపలికి పోయాయి. మీ తమ్ముడు ఇంటికొచ్చి నా మొహం చూసి, "ఎవరండీ మీరు, మా ఆవిడ లోపలుందా?" అన్నాడు.

దుంగని వీధి చూరుకి వేలాడదీశాం. ఇక ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలీదు. మామగారి దగ్గర ఈ పని నేర్చుకున్నది మీరొక్కరేనట కదా. అన్నం పెట్టాలా, నీళ్ళు పెట్టాలా, ముట్టుకోవచ్చా, వద్దా?

ఇంకో మాట. దాచి ఏం లాభం, మీకు ఆయన రాసే ఉంటాడు. మీరున్న కాలనీకే మమ్మల్నీ పంపమని ఆయన, సర్కారు భూములిచ్చి పంపే వలస ఆఫీసులో పేరు రాయించాడు. నన్ను అడగలేదు. ఇల్లూ, పెరడూ అమ్మేసి సముద్రం దాటాలంటే నాకిష్టం లేదు వదినగారూ. మీరు రమ్మంటున్నారని తెలుసు, కోపం తెచ్చుకోకండి. రోజూ ఇంట్లో ఇదే గొడవ. మీ ఆయన పార్మిన్ అన్నయ్యని అడిగానని చెప్పండి.

మీ ముర్తినీ


ఆరో నంబరు కాలనీ, లాంపుంగ్
జూన్

మరదలు పిల్లకి నీ వదిన దీవెనలు.

మీరూ గారూ ఏంటే? నేనేమన్నా తాసిల్దారునా? వదినా అని పిలువు, నువ్వు అను. లేకపోతే జవాబు రాయను.

దుంగని నువ్వొక్కదానివే ఎత్తావా! దర్సోనో గాడు చిన్నప్పుడు కందిరీగని చూసి మంచం కింద దూరేవాడు. మంచి పిల్లవే చేసుకున్నాడు. సరే, విను. దుంగ మొహం తూర్పుకి ఉండాలి, పొద్దుటెండ కన్నం మీద పడాలి. వేలాడదీసిన తాళ్ళకి గుడ్డ చుట్టి, బండికి వాడి తీసేసిన నల్ల నూనె పుయ్యి, లేకపోతే చీమలు తినేస్తాయి. చూరు కింద బల్లి కనిపిస్తే కర్రతో తోలు. అన్నం గిన్నం అక్కర్లేదు, బూరుగు పూస్తోంది కదా, వాటి తిండి అవే చూసుకుంటాయి. వానాకాలంలో పువ్వు లేనప్పుడు మాత్రం బెల్లం నీళ్ళు కొబ్బరిచిప్పలో పోసి పెట్టు, మునిగి చావకుండా అందులో పుల్లలు వెయ్యి. రోజూ మూత తీసి చూడకు. కొత్తలో అందరూ చేసే తప్పు అదే. నువ్వు పచ్చిబాలింతగా ఉంటే పూటపూటకీ ఎవరో వచ్చి తలుపు తీసి చూస్తే నీకెలా ఉంటుంది?

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నా. నాన్న దుంగ చేతికిచ్చిన రోజే నాతో అన్న మాట ఇది. అరుపులున్న ఇంట్లో ఈగ నిలవదు. మొగుడూ పెళ్ళాం చూరు కింద కేకలేసుకున్నారా, తెల్లారేసరికి దుంగ ఖాళీ. ఆ తర్వాత ఊరు ఊరంతా వచ్చి ఖాళీ దుంగలోకి తొంగిచూసి, మీ కాపురం గురించి చెవులు కొరుక్కుంటుంది. మా మేనత్త ఇంట్లోంచి అలాగే లేచిపోతే ఆవిడ ఏడాదిపాటు సంతకి మొహం చూపించలేదు. కాబట్టి ఆ గొడవేదో చూరు కింద పెట్టుకోకండి.

అయినా గొడవెందుకు? ఇక్కడ భూమి ఎంత కావాలంటే అంత. నల్లటి మట్టి. మా ఇంటి చుట్టూ ఈగల దుంగలే, లెక్కపెట్టడం మానేశాను. నువ్వు వస్తే నీకు సగం ఇస్తా. మీ అన్నయ్య పొలంలో ఉన్నాడు, నిన్ను అడిగానని రాయమన్నాడు.

మీ వదిన సుమార్సిహ్


సుంబెర్‌వాలి
జూలై

వదినా,

చూశావా, నువ్వు అనేశాను. రాస్తుంటే చెయ్యి ఆగింది, అయినా రాసేశాను.

తాళ్ళకి నూనె పూశాను. బల్లిని తోలాను. మూత తియ్యలేదు. కానీ ఒక ఘనకార్యం చేశాను. నవ్వకు. కొత్త అతిథులు వచ్చినప్పుడు నలుగురికీ పసుపన్నం పెట్టి, ఆ అతిథుల పేర సాంబ్రాణి వెయ్యకపోతే ఇంటికి అరిష్టమంది సాటినెమ్ పిన్ని. ఈగలు అతిథులే కదా అనుకున్నా. శుక్రవారం పసుపన్నం వండి, కుంపటి నిండా సాంబ్రాణి వేసి సరిగ్గా దుంగ కింద పెట్టాను. పిన్ని దువా మొదలుపెట్టింది. ఆమీన్ అనేలోపు ఈగలన్నీ భగ్గుమని బయటికొచ్చి మామీద పడ్డాయి. పిన్ని కోక నెత్తిన వేసుకుని పసుపన్నంలో కాలుపెట్టి జారిపడింది. నేను కుంపటి ఎత్తి కాలవలో పారేశాను. ఈగలు సాయంత్రందాకా చూరు చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. పోతాయేమోనని నేను గుమ్మం దగ్గరే కూచున్నాను. చివరికి లోపలికి పోయాయి. పిన్ని ఇప్పటికీ కుంటుతోంది, తప్పు మాత్రం నాదేనంటోంది.

ఇక నువ్వు చెప్పిన మాట. మీ తమ్ముడికి చదివి వినిపించాను. నాన్న మాటంటే ఆయనకి వేదవాక్కు. ఆ రోజు నుంచి లాంపుంగ్ మాట వస్తే ఇద్దరం కర్రపెండలం చేలోకి వెళ్ళి పోట్లాడుకునేవాళ్ళం. అక్కడ కూలీలు వింటున్నారని వాగు దగ్గరికి మార్చాం. పోట్లాటకి అంత దూరం నడిచి వెళ్ళేసరికి కోపం సగం అయిపోతుంది, మిగతా సగం కడుపులో ఉండిపోతుంది. తర్వాత ఇంట్లోనే గుసగుసగా పోట్లాడి చూశాం. గుసగుసగా తిడితే ఇంకా ఒళ్ళు మండుతుంది వదినా. ఇప్పుడు అదీ లేదు. మాట్లాడుకోవడమే మానేశాం. కంచం పెడతాను, తింటాడు. గొడుగు ఇస్తాను, వెళ్తాడు.

తమాషా ఏంటంటే, ఈగలు మాత్రం దుంగ పట్టనంత పెరిగాయి. దారినపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. దర్సోనో ఇంట్లో ఎంత సఖ్యతో చూడండి, ఈగలే సాక్ష్యం అంటున్నారు. నిన్న పిన్ని తన కూతుర్నీ అల్లుణ్ణీ తీసుకొచ్చి మా చూరు కింద నిలబెట్టి, "వీళ్ళని చూసి నేర్చుకోండి" అంది. మేమిద్దరం పక్కపక్కన నిలబడి నవ్వాం. లోపలికి వచ్చాక ఆయన ఆ గదిలోకి, నేను ఈ గదిలోకి.

నాకు ఏమీ తోచడం లేదు. దుంగ కింద కూచుని ఆ రొద వింటూ ఉంటాను. కనీసం అవి మాట్లాడుకుంటున్నాయి.

అన్నయ్య ఎప్పుడూ ఉత్తరం అడుగున ఏదో ఒక ఎకసెక్కం రాసేవాడు కదా, ఈసారి రాయలేదేం?

ముర్తినీ


ఆరో నంబరు కాలనీ, లాంపుంగ్
ఆగస్టు

మరదలా,

పసుపన్నంలో సాటినెమ్ పిన్ని! చదివి ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఇంత గట్టిగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మాట్లాడుకోకపోతే ఏం, ఈగలున్నాయిగా. మగవాళ్ళతో మాట్లాడి ఎవరు బాగుపడ్డారు? కొన్నాళ్ళు అలాగే పోనీ. దర్సోనోకి నెమ్మదిగా ఉండటం ఇష్టం, వాడే దారికొస్తాడు. నువ్వూ దారికి రా. వానలు పడకముందే వచ్చేయండి. ఆఫీసువాళ్ళు ఎప్పుడు పంపిస్తామన్నారు? ఆ సంగతి రాయలేదేం?

బూరుగు పువ్వు అయిపోగానే తేనె తీసుకోవచ్చు. తియ్యబోయే రోజు సబ్బు రాసుకోకు, ఉల్లిపాయ తినకు. కొబ్బరిపీచు పొగ, అదీ రెండు ఊదులు చాలు. సాంబ్రాణి మాత్రం వద్దు తల్లీ. దుంగ వెనక మూత తియ్యి. వెనక ఉన్న తెల్లటి పట్లలో తేనె ఉంటుంది, కన్నం వైపు ఉన్న నల్లటి పట్లలో పిల్లలుంటాయి. నల్లవాటి జోలికి పోకు. తేనెపట్లయినా అన్నీ కొయ్యకు, మూడో వంతు వదిలెయ్యి. అది వాటి వానాకాలం తిండి. పట్టు పిండాక మిగిలిన పిప్పిని వేడినీళ్ళలో కరిగించు, మైనం పైకి తేలుతుంది.

ఆ మైనం నాకు పిడికెడు పంపు. కొత్త దుంగకి లోపల పూస్తే ఆ వాసనకి ఈగలు వస్తాయి. మన లావూ కొండ మైనం వాసనే వేరు. తప్పకుండా పంపు, త్వరగా పంపు.

అన్నయ్య కులాసా. పనుల మీద ఉన్నాడు.

సుమార్సిహ్


సుంబెర్‌వాలి
సెప్టెంబరు

వదినా,

తేనె తీశాను! నా చేత్తో నేనే! మూత తియ్యగానే కత్తి లోపల పడేసుకున్నాను, మళ్ళీ దాన్ని తియ్యడానికి మోచేతి దాకా చెయ్యి పెట్టాల్సి వచ్చింది. కుట్టాయి. కుట్టనీ. తెల్లటి పట్టు పుటుక్కున తెగి చేతిలోకి వచ్చినప్పుడు ఎంత బరువుందో! మీ తమ్ముడు పొగ పట్టుకుని పక్కనే ఉన్నాడు. ఆయనకి వేలితో తీసి నోట్లో పెట్టాను. కళ్ళు మూసుకున్నాడు. ఏదో అనబోయాడు. పైన ఈగలు ఎగురుతున్నాయి కదా, నోరు మూసుకున్నాడు. ఆ ఒక్క మాట ఏంటో తెలుసుకోవాలని నాకు ఇప్పటికీ మనసు పీకుతోంది.

సాటినెమ్ పిన్ని అరిటాకుతో సహా తయారై వచ్చింది. పిల్లపురుగులున్న నల్లపట్టు కోసిస్తే కొబ్బరికోరు, మిరపకాయలు కలిపి ఆకులో ఆవిరిమీద వండుకుంటుందట. "మీ మామగారు ఏటేటా ఇచ్చేవాడు, నువ్వెంత పిసినారివే" అంది. వదిన వద్దందని చెప్పాను. "నీ వదిన లాంపుంగ్‌లో ఉంది, నేను గోడ పక్కన ఉన్నా" అంది. అయినా ఇవ్వలేదు. సీసాడు తేనె ఇచ్చి పంపించాను.

మైనం పంపుతున్నాను. పిప్పి కరిగిస్తే ఒక్క దుంగకే కొబ్బరికాయంత ముద్ద వచ్చింది. ముద్ద చల్లారేదాకా పక్కనే కూచుని ఆలోచించాను. ఈగల సంగతి నాకిప్పుడు కాస్త తెలుసు కదా, అందుకే ఆలోచన వచ్చింది. ఇంటి చుట్టూ లెక్కపెట్టలేనన్ని దుంగలున్న మనిషికి, సముద్రం అవతలనుంచి పిడికెడు మైనం ఎందుకు వదినా?

కోపం తెచ్చుకోకు. మీ తమ్ముడితో ఈ మాట అనలేదు. అనాలంటే ముందు మాట్లాడుకోవాలి కదా. ఆయన ఇప్పుడు గొడ్లపాక అమ్మకానికి బేరం చూస్తున్నాడు. మాట్లాడకుండానే చూస్తున్నాడు.

ముర్తినీ


ఆరో నంబరు కాలనీ, లాంపుంగ్
అక్టోబరు

ముర్తినీకి,

మైనం అందింది.

ఒక్కసారి తేనె తీసి పెద్ద పనిమంతురాలివై పోయావే. నువ్వు నీ ఈగల్ని చూసుకో. నా దుంగల లెక్క నేను చూసుకుంటా. ఇక్కడంతా బాగానే ఉంది.

వానలకి ముందు పెద్ద కందిరీగలు వస్తాయి, కన్నం దగ్గర కాపుకాసి ఈగల్ని ఒక్కొక్కదాన్నే ఎత్తుకుపోతాయి. కన్నం చిన్నది చెయ్యి. చెప్పుతో కొట్టు. ఈ ఉత్తరం రాస్తూ నాలుగుసార్లు లేచాను, ఎవరో వస్తున్నట్టు చప్పుడవుతుంటే. గాలి. ఇక్కడ గాలి ఎక్కువ. మిగతా అంతా బాగానే ఉంది.

ఎప్పుడు బయల్దేరుతున్నారో రాయండి. రోజూ పోస్టు కోసం రోడ్డు దాకా నడుస్తున్నా.

సుమార్సిహ్


సుంబెర్‌వాలి
నవంబరు

వదినా,

మేం గట్టిగా పోట్లాడుకున్నాం. చూరు కిందే. దుంగ కిందే.

మంగళవారం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. నెలాఖరుకి ఇద్దరం వెళ్ళి సంతకాలు పెట్టాలి, కొత్త సంవత్సరంలో ప్రయాణం. మీ తమ్ముడు ఆ కాగితం మంచం మీద పెట్టి, ఒక్క మాటైనా అనకుండా బయటికి వెళ్ళాడు. నేను చదివి బయటికి వచ్చేసరికి నిచ్చెన వేసుకుని దుంగ తాళ్ళు విప్పుతున్నాడు, సాటినెమ్ పిన్నికి ఇచ్చెయ్యడానికి.

"దాన్ని ముట్టుకుంటే చేతులు విరగ్గొడతా!" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు. పైకి చూశాడు, కిందికి చూశాడు. "మెల్లిగా" అన్నాడు.

"మెల్లిగా ఏంటి? నన్నడిగావా? ఇల్లు నీదేనా? ఇక్కడ నేను కాపురం చెయ్యట్లేదా, కూలికి ఉన్నానా?"

ఇక ఆయనకీ తిక్క రేగింది. "ఈ గోచీగుడ్డంత పొలంలో ఏముందే? ఏడాదంతా కేబేజీలు మోసి నా నడుం పడిపోయింది! అక్కడ మా అక్క రాణిలా బతుకుతోంది!" అని నిచ్చెన మీంచే అరిచాడు. నేనూ అరిచాను. ఏమేం అన్నానో పూర్తిగా గుర్తులేదు. నీ నడుం నెప్పని నాకు ఒక్కరోజైనా చెప్పావా అన్నాను. చెప్పడానికి నువ్వు నా మొహం చూశావా అన్నాడు. గోడ మీంచి పిన్ని తల పైకొచ్చింది. "అయ్యో అయ్యో, మెల్లిగా! ఈగలు! ఈగలు లేచిపోతాయి!" అంది. మేమిద్దరం ఒక్కసారే అటు తిరిగి, "నువ్వు లోపలికి పో పిన్నీ!" అని అరిచాం. పాపం, నిజంగానే పోయింది.

ఈగలకి చీమ కుట్టినట్టయినా లేదు వదినా. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి, కాళ్ళకి పసుప్పచ్చ పుప్పొడి. మర్నాడు పొద్దున్నే లేచి చూశాను. ఉన్నాయి. ఇవాళా ఉన్నాయి. ఇన్ని నెలలు ఎందుకు నోరు కట్టుకున్నామో తలుచుకుంటే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తోంది.

అలాగని రాజీ పడలేదు. ఆయన వెళ్దామంటాడు, నేను రానంటాను. ఇప్పుడు నోటితో అంటున్నాం, అంతే తేడా. మధ్యలో ఒకసారి, మీ అక్క దగ్గర ఒక్క ఈగ కూడా లేదు, ఆవిడ రాసేదంతా వట్టిది అని నోటిదాకా వచ్చింది. అది అంటే నేను గెలిచేదాన్ని. మింగేశాను. ఆ మాట నువ్వు చెప్పాల్సింది, నేను కాదు.

నాకు జవాబు కావాలి వదినా. తిట్టినా సరే. నీ మాట నమ్మి ఇక్కడ ఒక ఇల్లు అమ్ముడుపోతోంది. అక్కడ ఏముందో నిజంగా రాయి. అన్నయ్య ఎక్కడున్నాడో కూడా రాయి.

ముర్తినీ


ఆరో నంబరు కాలనీ, లాంపుంగ్
నవంబరు

ముర్తినీకీ దర్సోనోకీ,

ఇది ఇద్దరికీ. వాడికి చదివి వినిపించు. మధ్యలో ఆపకుండా చదువు.

రావద్దు. సంతకం పెట్టొద్దు. ఇక్కడ మట్టి నల్లగా ఉంటుందని రాశాను, అది అడవి తగలబెట్టిన బూడిద. రెండు వానలకి కొట్టుకుపోయింది. ఇప్పుడు నడుం ఎత్తు గడ్డీ, కాలిన మొద్దులూ. పోయినేడు వేసిన మడి పందులు తవ్వేశాయి. పువ్వన్నదే లేదు, ఈగ ఎక్కడినుంచి వస్తుంది? ఇంటి చుట్టూ దుంగలన్న మాట అబద్ధం. ఉన్నది ఒక్కటే, అది వచ్చినప్పటినుంచీ ఖాళీయే. నువ్వు పంపిన మైనం పూశాను. రోజూ పొద్దున్నే వెళ్ళి కన్నానికి చెవి పెట్టి వింటున్నాను.

మీ అన్నయ్య నాట్లప్పుడు అడవిలో చెట్లు నరికే కలప కూపులో పనికని వెళ్ళాడు. మొదట్లో మనిషిచేత బియ్యం పంపాడు. తర్వాత అదీ లేదు. అక్కడ ఇంకో ఇల్లు పెట్టాడని కాలనీలో అందరికీ తెలుసు, నా ముందు మాత్రం ఎవరూ అనరు.

ముర్తినీ, నీ పోట్లాట ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నాకూ ఆయనకీ ఎప్పుడూ మాటామాటా రాలేదు. నాన్న చెప్పిన మాట పట్టుకుని పెళ్ళైన దగ్గర్నుంచీ గొంతెత్తలేదు. మా అంత సఖ్యంగా ఉన్న జంట లేదని అందరూ అనేవారు. ఆయన వెళ్తానన్న రోజు అన్నం మూట కట్టి ఇచ్చాను. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగలేదు. ఎందుకు వెళ్తున్నావనీ అడగలేదు. చూరు కింద నిలబడి చూస్తూ ఉన్నాను. దుంగ ఖాళీగానే ఉందే! లేచిపోవడానికి అందులో ఒక్క ఈగ కూడా లేదే! అయినా అరవలేదు. నాకు అరవడం రాదు.

రండి రండి అని రాసింది మీకు మేలని కాదు. ఇక్కడ పొద్దుగూకితే నా గొంతు నాకే వినిపించదు. పోట్లాడుకోవడానికైనా ఒక మనిషి ఉండాలి మరదలా. నాకు భయమేస్తోంది.

ఇప్పుడు వాడు నన్ను తిట్టినా సరే. గట్టిగా తిట్టమను.

సుమార్సిహ్


సుంబెర్‌వాలి
డిసెంబరు

వదినా,

ఆపకుండానే చదివాను.

మీ తమ్ముడు తిట్టలేదు. లేచి పెరట్లోకి వెళ్ళి వంకాయ మడికి నీళ్ళు పెట్టాడు, పొద్దున్నే పెట్టిన మడికే మళ్ళీ పెట్టాడు. వానలో. నేను వెళ్ళి చెంబు లాక్కున్నాను. అప్పుడు ఏడ్చాడు. పార్మిన్ బావని చంపేస్తానన్నాడు. తర్వాత, అక్క ఇన్నాళ్ళు ఒక్కతే ఉందా అని అదే మాట పదిసార్లు అన్నాడు. మర్నాడు ఆఫీసుకి వెళ్ళి మా పేర్లు కొట్టేయించి వచ్చాడు.

ఇప్పుడు మా మధ్య కొత్త గొడవ. నిన్ను తీసుకురావడానికి ఆయన బయల్దేరతానంటాడు, ముందు ఉత్తరం రాసి అడగమంటాను నేను. అడగకుండా చేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. వచ్చేస్తావా? వాగు వైపు గది ఖాళీ చేశాను. అది నువ్వు పుట్టిన ఇల్లు, నేను రమ్మనేదేంటి? అయినా రమ్మంటున్నాను. నా కోసం రా. నాకూ ఇక్కడ మాట్లాడే ఆడమనిషి లేదు, సాటినెమ్ పిన్ని తప్ప. ఆవిడ వినదు, చెప్తుంది.

నీ బాధ నాకు తెలుసు. భూములిచ్చారని మేళతాళాలతో సాగనంపిన ఊరికి ఖాళీ చేతులతో ఎలా రావడం అని. ఊళ్ళో అడుగుతారు, అడక్కుండా ఊరుకోరు. ఏం చెప్పమంటావో చెప్పు, అదే చెప్తాం. అక్కడి మట్టి మంచిది కాదని చెప్పనా? ఒంట్లో బాగోక వచ్చిందని చెప్పనా? అన్నయ్య పనిమీద ఉన్నాడు, తర్వాత వస్తాడని చెప్పనా? నువ్వు ఏదంటే అది. పిన్ని అప్పుడే గోడ మీద గడ్డం ఆనించి నిలబడింది.

నీ ముర్తినీ


పడవల రేవు, లాంపుంగ్
డిసెంబరు

మరదలా,

వాణ్ణి పంపకు. దారిలో ఒకళ్ళనొకళ్ళం దాటిపోతాం. నేనే బయల్దేరాను.

నీ ఉత్తరం అందిన రోజే ఇంటికి తాళం వేశాను. తాళంచెవి ఎవరికివ్వాలో తెలీక వెంటే తెచ్చుకున్నాను. రేవులో కూచుని రాస్తున్నా. పొద్దుటి పడవ ఎక్కలేదు. మధ్యాహ్నం పడవ దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చి బల్ల మీద కూచున్నాను. పక్కనున్న ముసలావిడ వేరుశెనక్కాయలు పెట్టి, "ఎవరికోసం చూస్తున్నావమ్మా?" అంది. ఎవరికోసమూ కాదన్నాను. మరి ఎక్కవేం అంది.

అప్పటినుంచీ ఇదే ఆలోచన, ఊళ్ళో ఏం చెప్పాలి అని. నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే నోట్లో అనుకుని చూశాను. మట్టి మంచిది కాదు. అది నిజమే, కానీ మట్టి కోసమైతే ఇంకో ఏడాది ఉండేదాన్ని. ఒంట్లో బాగోలేదు. నాకేమైంది, గుండ్రాయిలా ఉన్నాను. ఆయన తర్వాత వస్తాడు. రాడు. ఈ మూడింట్లో ఏది చెప్పినా మళ్ళీ రోజూ దాన్ని కాపాడుకుంటూ కూచోవాలి. ఇక నాకు ఓపిక లేదు.

సాయంత్రం పడవకి గంట కొడుతున్నారు. దీన్ని రేవు డబ్బాలో పడేసి ఎక్కేస్తాను. సాటినెమ్ పిన్ని అడిగితే, ఒంటరిగా ఉండలేక వచ్చేస్తోందని చెప్పు. గుసగుసగా కాదు. గోడ అవతలికి వినపడేలా చెప్పు.

సుమార్సిహ్